తొడుక్కోని చొక్కా

మూడు వారాలుగా నా బల్ల మీద ఒక మనిషి తల లేకుండా నిలబడి ఉన్నాడు. 75 మిల్లీమీటర్ల ఎత్తు, రెజిన్ ఒళ్లు. తలని విడిగా ఒక పుల్లకి గుచ్చి పెట్టాను. మొహానికి రంగు వేరేగా వేసుకుంటేనే చేతికి వీలు. ఒంటినిండా ఇనుప రింగుల కవచం. నల్ల ప్రైమర్ కొట్టి, ఆరాక, దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో వెండిరంగు రుద్ది, సందుల్లోకి పల్చటి గోధుమరంగు నీళ్లు దింపాను. కవచం కవచంలాగే తేలింది. అక్కడ ఆగిపోయాను. దాని మీద చొక్కా వెయ్యాలా, వద్దా?

ఇతని పేరు గిల్బర్ట్ డి క్లేర్, గ్లోస్టర్ ఎర్ల్. ఎర్ల్ అంటే పెద్ద దొర. ఇంగ్లండ్ రాజు రెండో ఎడ్వర్డ్‌కి మేనల్లుడు. 1314 జూన్ 24న స్కాట్లండ్‌లో బానక్‌బర్న్ దగ్గర చచ్చిపోయేనాటికి 23 ఏళ్లవాడు. అతని చొక్కా మీద ఏముండాలో నాకు కంఠతా వచ్చు: పసుపు గుడ్డ మీద మూడు ఎర్ర షెవ్రాన్లు. షెవ్రాన్ అంటే ఫ్రెంచిలో ఇంటికప్పు వాసం. రెండు వాసాలు కొప్పు దగ్గర కలిసినట్టు ఉంటుంది ఆ పట్టీ. పసుపు సీసా, ఎరుపు సీసా, సన్న బ్రష్షు అన్నీ సిద్ధం. చిక్కల్లా ఒక్కటే. ఆ పొద్దున అతను ఆ చొక్కా తొడుక్కోలేదంటారు.

మా ఆవిడ లెక్కలో నేను రాత్రిళ్లు మేలుకుని నైట్లకి రంగులేసే మనిషిని. నైట్లంటే పాతకాలపు యూరప్‌లో కవచం తొడిగి గుర్రం మీద పోరాడిన యోధులు. అలమరలో ఇప్పటికి 11 మంది చేరారు. మా అమ్మాయికి స్కూల్లో చెప్పే చరిత్ర ఒక్క ముక్క గుర్తుండదు గానీ, ఈ 11 మందినీ చొక్కా రంగు చూసి గడగడా పేర్లు చెప్పేస్తుంది. మొన్న బల్ల దగ్గరికొచ్చి ఈ బూడిదరంగు మనిషిని అటూ ఇటూ తిప్పి, "వీడెవడు నాన్నా?" అంది.

"స్కాట్లండ్ వాళ్లకీ అదే డౌటొచ్చిందమ్మా" అన్నాను. నా వైపు జాలిగా చూసి వెళ్లిపోయింది.

ఈ పిచ్చి మొదలైన తీరు చెబితే గానీ ఆ చొక్కా గొడవ అర్థం కాదు. నేను వేసిన మొట్టమొదటి నైట్‌కి పేరూ ఊరూ లేవు. చూడ్డానికి బాగుంటుందని నీలం డాలు మీద ఎర్ర సింహాన్ని వేశాను. రెండు రాత్రులు పట్టింది. జీరో నంబరు బ్రష్‌తో జూలులో వెంట్రుకలు కూడా తీర్చాను. ఫోటో తీసి, ఎన్నో ఏళ్లుగా ఈ బొమ్మలు చేస్తున్న ఒక పెద్దాయనకి పంపాను. ఆయన రెండే ముక్కలు రాశారు: "సింహం కనపడటం లేదు. కళ్లు చికిలించి చూస్తే పారిపోతోంది."

మొదట కోపమొచ్చింది. తర్వాత బొమ్మని అలమర మీద పెట్టి గుమ్మం దాకా వెనక్కి నడిచి చూశాను. నిజమే. పది అడుగుల దూరంలో నీలం మీద ఎరుపు ఒక బురద మచ్చలా ఉంది. కాగితం మీద ఇంకో డాలు గీసి, పసుపు మీద అదే ఎరుపు వేసి పక్కన నిలబెట్టాను. గుమ్మం దగ్గర్నుంచే కాదు, పక్కగదిలోంచి కూడా సింహం కనపడింది.

డాళ్ల మీద, చొక్కాల మీద వేసే ఇలాంటి గుర్తుల విద్యని హెరాల్డ్రీ అంటారు. అందులో ఉన్న ఏకైక పెద్ద నియమం ఇదే. డాలు మీద వాడే వన్నెల్ని రెండు జట్లు చేశారు. బంగారం, వెండి లోహాలు. వాటిని పసుపు, తెలుపుగా వేసినా సరే. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ, ఊదా రంగులు. లోహం మీద లోహం పెట్టకూడదు, రంగు మీద రంగు పెట్టకూడదు. ఏదో శాస్త్ర రహస్యంలా పుస్తకాల్లో రాస్తారు గానీ, బ్రష్ పట్టినవాడికి ఇది కళ్లకి సంబంధించిన సంగతి. దుమ్ములో, పరిగెత్తే గుర్రం మీద, ఇనుప టోపీకున్న సన్నటి చీలికలోంచి చూసేవాడికి కనపడాలి కదా. దీన్ని కావాలని మీరినవాళ్లూ ఉన్నారు. క్రూసేడ్ల కాలపు జెరూసలేం రాజ్యం చిహ్నం వెండి మీద బంగారు సిలువలు. తప్పు ఎంత కొట్టొచ్చినట్టు ఉంటుందంటే, అది జెరూసలేం అని గుర్తుపట్టడానికి ఆ తప్పే పనికొస్తుంది.

ఈ రెండు జట్లలోనూ చేరనివి జంతువుల బొచ్చులు. వేర్ అని ఒకటుంది: నీలం, తెలుపు గంటల ఆకారాలు వరసగా పేర్చినట్టు ఉంటుంది. నేను చాలాకాలం అదేదో గంటల బొమ్మే అనుకున్నాను. కాదు, ఉడత తోళ్లు. చలిదేశాల ఉడతకి వీపు నీలం కలిసిన బూడిదరంగు, పొట్ట తెలుపు. ఆ తోళ్లని ఒకటి వీపు, ఒకటి పొట్ట చొప్పున కుట్టి అంగీకి అస్తరు వేసేవాళ్లు. ఆ కుట్టే డాలు మీదకొచ్చింది. అది తెలిశాక నాకు వేర్ వెయ్యాలంటే కాస్త ఒళ్లు జలదరిస్తుంది.

ఇక సింహం పారిపోవడం. డాలుకి కుడీ ఎడమా చూసేవాడి వైపు నుంచి కాదు, పట్టుకున్నవాడి వైపు నుంచి లెక్క. సింహం పట్టుకున్నవాడి కుడివైపుకి తిరిగి ఉండాలి, అంటే మనకి ఎడమవైపుకి. డాలు ఎడమచేతికి తగిలించుకుని గుర్రం మీద ముందుకు దూకినప్పుడు సింహం కూడా ముందుకే చూస్తుంది. నేను వేసినట్టు వేస్తే గుర్రం శత్రువు మీదకీ, సింహం ఇంటికీ.

అసలు ఈ గుర్తులు ఎప్పుడు పుట్టాయంటే, 1066లో నార్మండీ డ్యూక్ విలియం ఇంగ్లండ్‌ని గెలిచిన యుద్ధాన్ని చూపించే బేయూ అల్లికలో డాళ్ల మీద బొమ్మలున్నాయి గానీ అవి ఎవరికీ సొంతం కావు. ఒకే మనిషి చేతిలో ఒకచోట ఒక డాలు, ఇంకోచోట ఇంకో డాలు. అందులోనే, డ్యూక్ విలియం చచ్చిపోయాడని పుకారు లేస్తే, అతను టోపీ వెనక్కి ఎత్తి మొహం చూపిస్తాడు. గుర్తు లేని కాలంలో మొహమే గుర్తు. ఆ తర్వాత టోపీలు కిందికి దిగి మొహాలు మూసుకుపోయాయి, పోటీ యుద్ధాల మోజు పెరిగింది, ఎవరు ఎవర్ని పడగొట్టారో జనానికి తెలియాల్సి వచ్చింది. 12వ శతాబ్దం మధ్యకి వచ్చేసరికి డాలు మీద బొమ్మ తండ్రి నుంచి కొడుక్కి దిగడం మొదలైంది.

ఆ దిగడం ఎలా ఉంటుందో నేను ఒక్కచోట కళ్లారా చూశాను. ఆఫీసు పని మీద లండన్ వెళ్లినప్పుడు ఒక శనివారం ఖాళీ దొరికితే రైలెక్కి సాల్స్‌బరీ వెళ్లాను. అక్కడి కెథీడ్రల్‌కి వచ్చేవాళ్లంతా 1215 నాటి మాగ్నా కార్టా ప్రతి చూడ్డానికి వరస కడతారు. నేను మాత్రం విలియం లాంగెస్పీ సమాధి దగ్గర ఆగిపోయాను. 1226లో చనిపోయాడు. రాతి మనిషి పడుకుని ఉన్నాడు, ఎడమచేతి మీద పొడవాటి డాలు. దాని మీద ఉబ్బెత్తుగా చెక్కిన ఆరు సింహాలు: పైన మూడు, తర్వాత రెండు, కింద మొనలో ఒకటి. సింహం సన్నగా, ఎండిన కొమ్మలా ఉంది. పంజా గోళ్లు విప్పి ఉన్నాయి. అక్కడక్కడా మడతల్లో పాత రంగు ఆనవాళ్లు మిగిలాయి. నీలం మీద బంగారు సింహాలు ఇతని గుర్తు.

అదే గుర్తు ఇంకో బొమ్మ మీద ఉంది. ఫ్రాన్స్‌లో ల మాన్ ఊళ్లో, 1151లో చనిపోయిన ఆంజూ కౌంట్ జెఫ్రీ ఎనామెల్ పలక. రెండడుగుల ఎత్తు ఉంటుంది. అందులో అతని చేతిలో నీలం డాలు, బంగారు సింహాలు. జెఫ్రీ కొడుకు ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ. లాంగెస్పీ ఆ హెన్రీకి పెళ్లి బయట పుట్టిన కొడుకు. అంటే తాత డాలు మనవడి దగ్గర తేలింది. రాజ్యం రాలేదు, సింహాలొచ్చాయి.

సమాధి దగ్గర ఇంకో సంగతి విని నవ్వాపుకోలేకపోయాను. 1791లో ఆ సమాధి తెరిస్తే లాంగెస్పీ పుర్రెలో ఒక ఎలుక ఎండిపోయి దొరికింది. దాని ఒంట్లో ఆర్సెనిక్ ఆనవాళ్లున్నాయి. ఆ ఎలుకని ఆ ఊరి మ్యూజియంలో దాచారు. ఆరు సింహాల వీరుడి తలలో ఎలుక కాపురం పెట్టింది.

ఇక్కడ నాకు ఒళ్లు మండే విషయం ఒకటి చెప్పాలి. హెరాల్డ్రీ గురించి ఎక్కడ వెతికినా ముందు ఒక పట్టిక ఎదురవుతుంది: ఎరుపు అంటే ధైర్యం, నీలం అంటే విశ్వాసం, బంగారం అంటే ఉదారత. పేరు కొట్టండి, మీ వంశచిహ్నం అర్థంతో సహా ఫ్రేము కట్టి పంపుతాం అనేవాళ్లు సరేసరి. మొదటి తరాల నైట్లు ఆ పట్టికలు చూసి డాలుకి రంగులెయ్యలేదు. రంగుల్ని గ్రహాలతో, రత్నాలతో, సుగుణాలతో జత కట్టడం తీరిగ్గా పుస్తకాలు రాసుకున్నవాళ్లు తర్వాత చేసిన పని. డాళ్ల మీద నిజంగా ఎక్కువ కనపడే అర్థం ఏమిటంటే శ్లేష. కాస్టీల్ రాజ్యానికి క్యాజిల్, అంటే కోట. లేయోన్ రాజ్యానికి లయన్. కేంబ్రిడ్జ్ పక్కన ట్రంపింగ్టన్ చర్చిలో సర్ రోజర్ డి ట్రంపింగ్టన్ ఇత్తడి రేకు ఉంది. డాలు మీద రెండు ట్రంపెట్లు, అంటే బూరలు. పేరుని బొమ్మగా చూపించి నవ్వుకున్నారు, అంతే. చదువురాని సైనికుడికి కూడా పేరు చదవడం వచ్చినట్టయింది.

డాలు అడిగే ప్రశ్న "దీని అర్థమేమిటి" కాదు, "ఇది ఎవరిది". ఆ ప్రశ్న మీద ఒక కేసు అయిదేళ్లు నడిచింది.

1385లో ఇంగ్లండ్ రాజు రెండో రిచర్డ్ స్కాట్లండ్ మీదకి దండెత్తాడు. ఆ సైన్యంలో సర్ రిచర్డ్ స్క్రోప్ అనే పెద్దమనిషి, చెషైర్ నుంచి వచ్చిన సర్ రాబర్ట్ గ్రోవ్‌నర్ అనే ఆయన ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ఇద్దరి చొక్కాల మీదా ఒకటే గుర్తు: నీలం మీద బంగారు ఏటవాలు పట్టీ. పెళ్లికి ఇద్దరు ఒకే చీరలో వస్తేనే మొహాలు మాడతాయి. వీళ్లు ఇలాంటి తగాదాలు తేల్చే షివల్రీ కోర్టుకెక్కారు. వందలమంది సాక్షులు. మఠాధిపతులు తమ చర్చి కిటికీ అద్దాల్లో, సమాధుల మీద ఆ పట్టీ ఎన్నాళ్లుగా ఉందో చెప్పారు. సర్ జాన్ సల్లీ అనే ముసలాయన తన వయసు 105 అని రాయించాడు.

1386 అక్టోబరులో సాక్ష్యం చెప్పినవాళ్లలో జెఫ్రీ చాసర్ ఉన్నాడు. అవును, పేరున్న ఆ ఇంగ్లీషు కవే. వయసు "40 పైన" అని చెప్పాడు. కుర్రతనంలో ఫ్రాన్స్ యుద్ధంలో స్క్రోప్ వాళ్లు ఆ గుర్తు ధరించడం చూశానన్నాడు. తర్వాత ఒక చిన్న ముచ్చట చెప్పాడు. లండన్‌లో ఫ్రైడే స్ట్రీట్‌లో నడుస్తుంటే ఒక సత్రం బయట కొత్త బోర్డు వేలాడుతోంది. దాని మీద ఈ పట్టీ. "స్క్రోప్ గుర్తు పెట్టిన ఈ సత్రం ఏమిటి?" అని అడిగాడట. "అయ్యా, అది స్క్రోప్‌ది కాదు. చెషైర్ నైట్ గ్రోవ్‌నర్ అనే ఆయన వేయించి పెట్టించాడు" అన్నాడట ఎదుటివాడు. గ్రోవ్‌నర్ అనే పేరు వినడం అదే మొదటిసారి అని చాసర్ ముగించాడు. మెత్తగా మాట్లాడుతూనే అవతలివాణ్ణి అనామకుణ్ణి చేసి వదిలాడు.

1389లో కోర్టు పట్టీ స్క్రోప్‌దేనంది. గ్రోవ్‌నర్ కావాలంటే చుట్టూ వెండి అంచు వేసుకుని వాడుకోవచ్చంది. అతను రాజు దగ్గరికి అప్పీలుకెళ్లి ఇంకా నష్టపోయాడు. అంచు తేడా దాయాదులకి సరిపోతుంది, పరాయివాడికి చాలదని 1390లో రాజు తేల్చాడు. నాకు ఆ తీర్పులో ఉన్న సూక్ష్మం చాలా ఇష్టం. అంచు వేసుకోనిస్తే చుట్టరికం ఒప్పుకున్నట్టవుతుంది మరి. గ్రోవ్‌నర్ పట్టీ వదిలేసి నీలం మీద బంగారు గోధుమ పనని పెట్టుకున్నాడు. కానీ ఆ ఇల్లు మరిచిపోలేదు. దాదాపు 500 ఏళ్ల తర్వాత ఆ వంశంలో వెస్ట్‌మిన్‌స్టర్ డ్యూక్ తన పందెపు గుర్రానికి "బెండ్ ఓర్" అని పేరు పెట్టాడు. బంగారు పట్టీ అని దానర్థం. ఆ గుర్రం 1880లో డెర్బీ పందెం గెలిచింది.

ఒక పట్టీ కోసం ఇంత రభస ఎందుకు? పరువు కోసమే అని నేనూ అనుకునేవాణ్ణి. చాసర్ బతుకులోనే ఇంకో జవాబుంది. అతను సాక్ష్యంలో చెప్పిన ఆ ఫ్రాన్స్ యుద్ధంలో ఫ్రెంచివాళ్లకి పట్టుబడ్డాడు. 1360 మార్చిలో అతన్ని విడిపించడానికి రాజు మూడో ఎడ్వర్డ్ 16 పౌండ్లు ఇచ్చాడు. అంటే మనిషికి ఒక ధర ఉంది. చొక్కా మీద గుర్తు ఆ ధర చెప్పే చీటీ.

ఇది అర్థమయ్యాక షివల్రీ, అంటే నైట్ల మర్యాద, అనే మాట నాకు వేరేగా వినపడటం మొదలైంది. గుర్రం అనే ఫ్రెంచి మాటలోంచి పుట్టింది ఆ మాట. గుర్రం కొనగలిగినవాళ్ల మర్యాద. విలియం మార్షల్‌ని చూడండి. ఇంగ్లండ్‌లో అంతటి నైట్ లేడనిపించుకున్నాడు. కుర్రవాడిగా మొదటి యుద్ధంలో విరగదీసి పోరాడాడు, గుర్రం పోగొట్టుకున్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర విలియం డి మాండెవిల్ అనే దొర "మార్షల్, నాకో కానుక ఇవ్వవయ్యా, గుర్రం పటకా అయినా సరే, పాత మెడపట్టీ అయినా సరే" అన్నాడు. నా జన్మలో నాకొకటి ఉంటే కదా అన్నాడు కుర్రాడు. "అదేమిటి, ఇవాళ నీకు 40 దాకా దొరికి ఉంటాయే" అన్నాడు దొర. అందరూ నవ్వారు. పడగొట్టినవాడి గుర్రం, కవచం పట్టుకోవడం మర్చిపోయావురా అబ్బాయ్ అని ఆ నవ్వుకి అర్థం.

మళ్లీ మర్చిపోలేదు. పోటీ యుద్ధాల్లో ఇంకో నైట్‌తో వాటా కలిపి, పది నెలల్లో 103 మందిని పట్టాడు. లెక్క రాసింది ఎవరనుకున్నారు? అతను కొలువు చేసే యువరాజు వంటింటి గుమస్తా. ఒకసారి బహుమతి ఇద్దామని వెతికితే కమ్మరి కొలిమిలో దొరికాడు. దెబ్బలకి ఇనుప టోపీ సొట్టపడి తలకి బిగుసుకుపోతే, దాగలి మీద తల పెట్టి వంగున్నాడు, కమ్మరి సుత్తితో కొట్టి ఊడదీస్తున్నాడు. నా అలమరలో మార్షల్ ఉన్నాడు గానీ, నాకు వెయ్యాలనున్నది ఆ దాగలి బొమ్మ. 1219లో చావుబతుకుల మధ్య ఉన్నప్పుడు, దోచిందంతా తిరిగిచ్చేస్తే గానీ మోక్షం లేదని మతాచార్యుల మాట ఎవరో గుర్తుచేస్తే, తను 500 మంది నైట్లని పట్టి వాళ్ల గుర్రాలూ కవచాలూ ఉంచుకున్నాననీ, ఇప్పుడు అవన్నీ తిరిగివ్వడం తన వల్ల కాదనీ తేల్చి చెప్పాడు.

మర్యాదంతా నటన అనడం లేదు నేను. 1356లో పొయిటియేలో ఫ్రాన్స్ రాజు జాన్ చుట్టుముట్టబడి చేతి తొడుగు తీసి డెనిస్ డి మోర్బెక్ అనే నైట్ చేతిలో పెట్టి లొంగిపోయాడు. ఆ వెంటనే "నేను పట్టాను, నేను పట్టాను" అని జనం రాజుని చెరోవైపూ లాగారు. ఆ రాత్రి గెలిచిన ఇంగ్లండ్ యువరాజు, తర్వాతివాళ్లు బ్లాక్ ప్రిన్స్ అన్నవాడు, తనే నిలబడి ఓడిన రాజుకి వడ్డించాడు. విడుదలకి కుదిరిన సొమ్ము 30 లక్షల బంగారు నాణేలు. సొమ్ము తీరకముందే పూచీగా ఉన్న ఒక కొడుకు పారిపోతే, జాన్ రాజు ఇచ్చిన మాట తప్పకూడదని 1364లో తనంతట తను లండన్ వెళ్లి బందీగా కూర్చుని అక్కడే చనిపోయాడు. దీన్ని లెక్కల్లో పెట్టి చూపించడం నాకు చాతకాదు. కానీ ఆ వడ్డించిన చేతే అంతకుముందు ఏడాది బోర్డో నుంచి నార్బాన్ దాకా ఊళ్లు తగలబెట్టుకుంటూ వెళ్లింది. ఆ ఊళ్లవాళ్ల చొక్కాల మీద ఏ గుర్తూ లేదు.

గుర్తు లేనివాళ్లు గెలిచిన రోజు కూడా ఒకటుంది. 1302 జులై 11న కోర్‌ట్రై దగ్గర ఫ్లాండర్స్ నేతవాళ్లూ, పనివాళ్లూ నేల మీద నిలబడి ఫ్రెంచి గుర్రపు సైన్యాన్ని బురదలో తొక్కేశారు. ఎవర్నీ బందీగా పట్టలేదు. ఎంత పెద్ద చిహ్నం చూపించినా లాభం లేకపోయింది, ఆ చీటీ వాళ్లకి పనికిరాదు. చచ్చినవాళ్ల కాళ్ల నుంచి, గుర్రాన్ని పొడిచి తోలే బంగారు ముళ్లు 500 జతలు తీసి చర్చిలో వేలాడదీశారు. 80 ఏళ్ల తర్వాత ఫ్రెంచివాళ్లు వచ్చి వాటిని పట్టుకుపోయారు.

ఇప్పుడు నా బల్ల మీది కుర్రాడి దగ్గరికొస్తాను.

బానక్‌బర్న్‌లో రెండో రోజుకి ముందు, సైన్యం అలిసిపోయింది, ఒక రోజు ఆగుదామని గిల్బర్ట్ సలహా ఇచ్చాడు. రాజు మేనమామే, అయినా పిరికివాడివన్నట్టు, ద్రోహివన్నట్టు మాట్లాడాడు. 23 ఏళ్ల వయసులో ఆ మాట పడ్డవాడు పొద్దున్నే ఏం చేస్తాడో అదే చేశాడు. అందరికంటే ముందు గుర్రాన్ని ఈటెల గుంపు మీదకి దూకించాడు. ఆ తొందరలో చొక్కా వేసుకోలేదని, వేసుకుని ఉంటే స్కాట్లండ్ వాళ్లు గుర్తుపట్టి సొమ్ము కోసం ప్రాణాలతో ఉంచుకునేవాళ్లని ఆ కాలపు రాతల్లో ఒక మాట ఉంది. ఈటెల వాళ్లకి కనపడింది ఒక గుర్రం, ఒక బూడిదరంగు మనిషి.

ఇందులో నన్ను పట్టుకున్న సంగతి ఇంకోటి. అవతలి సైన్యానికి రాజు రాబర్ట్ బ్రూస్. బ్రూస్ భార్య ఎలిజబెత్, గిల్బర్ట్ భార్య మాడ్ సొంత అక్కచెల్లెళ్లు, అల్స్‌టర్ ఎర్ల్ కూతుళ్లు. అంటే వీళ్లిద్దరూ తోడల్లుళ్లు. ఎలిజబెత్ అప్పటికి ఎనిమిదేళ్లుగా ఇంగ్లండ్‌లో బందీ. అదే యుద్ధం తర్వాత హెరిఫర్డ్ ఎర్ల్ ప్రాణాలతో పట్టుబడితే, అతనొక్కణ్ణి ఇచ్చి బ్రూస్ తన భార్యని, కూతుర్ని, ఇంకొందర్ని వెనక్కి తెచ్చుకున్నాడు. ఒక ఎర్ల్ ఖరీదు అంత. గిల్బర్ట్ అంతకంటే ధనవంతుడు. బ్రూస్ ఆ శవం దగ్గర కూర్చుని, డబ్బు అడక్కుండా మర్యాదగా ఇంగ్లండ్ పంపించాడు. గిల్బర్ట్‌కి పిల్లల్లేరు. మాడ్ కడుపుతో ఉన్నానని రెండేళ్ల పైన చెబుతూ వచ్చింది. చివరికి 1317లో ఆస్తి ముగ్గురు అక్కచెల్లెళ్లకి పంచేశారు. మూడు వాసాల డాలు ఎవరికీ దిగలేదు.

ఇలా పోయినవాడు ఇతనొక్కడే కాదు. 1415లో ఇంగ్లండ్‌తో జరిగిన ఆజాన్‌కూర్ యుద్ధానికి, ఫ్రెంచివాళ్ల వైపు, బ్రబాంట్ డ్యూక్ ఆంథొనీ ఆలస్యంగా పరిగెత్తుకొచ్చాడు. సొంత చొక్కా సామాన్లతో వెనకబడిపోయింది. బూర ఊదేవాడి బూరకి వేలాడే జెండా తీసుకుని, మధ్యలో కన్నం చేసి, తల దూర్చుకున్నాడు. పట్టుబడ్డాడు. ఇంగ్లండ్ రాజు బందీల్ని చంపెయ్యమన్నప్పుడు, ఆ చిల్లిజెండా మనిషి ఎవరో ఎవరికీ తెలియక మిగతావాళ్లతో పాటు చంపేశారు. గొప్పవాళ్లని వేరు చేసి దాచిన వరసలో అతను లేడు.

కాబట్టి చొక్కా వెయ్యకపోవడమే సరి అని నిన్నటిదాకా అనుకున్నాను. కానీ బూడిదరంగు మనిషిని అలమరలో పెడితే ఆ 12వ వాడు ఎప్పటికీ "వీడెవడు" గానే ఉండిపోతాడు. చొక్కా వేస్తే బొమ్మ అందంగా ఉంటుంది, కథ అబద్ధమవుతుంది.

నిన్న రాత్రి పాత డబ్బాలో వెతికితే ఒక స్క్వైర్ బొమ్మ దొరికింది. నైట్ దగ్గర పనిచేసే కుర్రాడు. రెండు చేతులూ ముందుకు చాచి ఉన్నాయి, డాలు అందించే భంగిమ. చేతుల్లోంచి డాలు కోసి తీసేశాను. టిష్యూ కాగితం ముక్కని నీళ్లు కలిపిన జిగురులో ముంచి, ఆ చేతుల మీద వేలాడదీసి, టూత్‌పిక్‌తో మడతలు పెట్టాను. పొద్దుటికి గట్టిపడింది. ఆఫీసుకి వెళ్లేలోపు పసుపు మొదటి పూత వేశాను. పసుపు మహా మొండిది, నాలుగు పల్చటి పూతలు పడితే గానీ తెల్లకాగితం మూసుకోదు. ఈ రాత్రికి ఎర్ర వాసాలు. మడతల్లో పైది సగమే కనపడుతుంది, మధ్యది విరిగినట్టు ఉంటుంది, మూడోది బాగా కింద, కుర్రాడి మోచేతి దగ్గర. గిల్బర్ట్‌ని వాడికి రెండు అంగుళాల దూరంలో, వీపు తిప్పి నిలబెడతాను. తల ఇంకా పుల్ల మీదే ఉంది.